రోకలిబండ, క్రేఫిష్, మధ్యలో భీమవరం రొయ్య

ఉద్యోగ జ్ఞాపకాలు రాయాలంటే జుట్టు నెరిసి ఉండాలని, నెలనెలా పింఛను అందుతూ ఉండాలని ఒక నమ్మకం. నాకు రెండూ లేవు. నేను రిటైరయ్యేదాకా ఆగే ఓపిక మా కంపెనీకి లేకపోయింది, నాకంటే ముందు అదే రిటైరైంది. ఇప్పుడు ఒక ఇంటర్ కాలేజీలో జువాలజీ చెప్పుకుంటున్నాను. సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని మాదాపూర్ బస్సెక్కబోయే పిల్లలు నా దగ్గరికి వచ్చి, "సార్, మీరు హైటెక్ సిటీల పనిచేసిన్రంట గదా, ఏం చేసిన్రు?" అని అడుగుతుంటారు. రోకలిబండకు కాళ్లు పెట్టించాను అంటే నవ్వేసి వెళ్లిపోతారు. వాళ్లు నవ్వే ఆ పని గురించే ఇది.

సైబర్ టవర్స్ కొత్తగా లేచిన రోజులవి. మా విజిటింగ్ కార్డు మీద 'హైటెక్ సిటీ ఎదురుగా' అని ఉండేది. ఎదురుగా అంటే, మేడెక్కి పక్కింటివాళ్ల బర్రెల కొట్టం రేకుల మీదుగా మెడ సాచితే, బండల అవతల ఆ గుండ్రటి భవనం కనబడేదన్న మాట. ఆ లెక్కన చార్మినార్ కూడా మాకు ఎదురుగానే ఉండేది. కిరాయికి తీసుకున్న ఇల్లు. హాల్లో కంప్యూటర్లు, పడకగదిలో బాస్, వంటింట్లో సర్వర్. సర్వర్ వేడికి ఆ వంటిల్లు ఎప్పుడూ వంటిల్లులాగే ఉండేది.

మేం తయారుచేయబోయేది అమెరికా బడిపిల్లల కోసం జంతువుల సీడీ. తెరకు రెండు జీవులు. రెండూ కదులుతుంటాయి, కింద వాటి మధ్య తేడాలు ఉంటాయి. ముందుగా ఒక జత చేసి చూపిస్తే, నచ్చితే మొత్తం సీడీ మాకే ఇస్తామన్నారు. ఆ జతను వాళ్లే ఎంచారు: రోకలిబండ, క్రేఫిష్. రోకలిబండ అంటే దంచేది కాదు, పాకే మిల్లిపీడ్.

అక్కడి పిల్లలు రెంటినీ చేతులతోనే పట్టుకుంటారట. ఒకటి కుళ్లిన ఆకుల కింద దొరుకుతుంది, ఇంకొకటి వాగులో రాళ్ల కింద. రెంటికీ ఎముకలు లేవు, ఒంటి మీద గట్టి పెంకు ఉంది, కాళ్లకు కీళ్లున్నాయి, రెండూ పెంకు విడిచి పెరుగుతాయి. మరి వీటిని చుట్టాలనాలా, వేరనాలా అని పిల్లవాడు అడిగితే జవాబు చెప్పడం మా పని. నేను బి.ఎస్సీ. జువాలజీ కాబట్టి ఆ జవాబు రాసే బాధ్యత నాది. అదే నా సాఫ్ట్‌వేర్.

తేడాలు రాయడంలో మనవాళ్లను కొట్టేవాళ్లు లేరు. బడిలో పేజీ మధ్యన స్కేలుతో గీత కొట్టి, ఎడమవైపు రాసినదానికి కుడివైపు 'లేదు' తగిలించి మార్కులు తెచ్చుకున్న జాతి మనది. మా బాస్ కూడా అదే పద్ధతి కోరాడు. ఆయనది భీమవరం వైపు. మంచివాడు. ఈ మాట ఇప్పుడే చెప్పేస్తున్నాను, తర్వాత చెప్పే సందర్భం రాకపోవచ్చు.

"ఏవయ్యా శాస్త్రవేత్తా, ఎడం పక్క ఎన్నుంటే కుడి పక్క అన్నుండాలి. లైన్లు సమానంగా రావాలి. చూడ్డానికి నిండుగా ఉండాలి కదా!" అన్నాడు.

నిండుగానే రాశాను. క్రేఫిష్‌కు రెండు జతల మీసాలు, రోకలిబండకు ఒక జతే. క్రేఫిష్ మొప్పలతో ఊపిరి పీలిస్తే, రోకలిబండ ఒంటి పక్కనున్న సన్నని రంధ్రాలతో పీలుస్తుంది. క్రేఫిష్‌కు నడిచే కాళ్లు అయిదు జతలు, ముందు జత పెద్ద కొండీలు. రోకలిబండకు ఒంటి మీది ఉంగరాల్లాంటి కట్టుల్లో చాలావాటికి రెండేసి జతల కాళ్లు. బెదిరిస్తే రోకలిబండ చుట్ట చుట్టుకుంటుంది. క్రేఫిష్ మాత్రం తోకతో నీళ్లను ఒక్క దెబ్బ కొట్టి వెనక్కి దూకుతుంది, దూకుతున్నా ముఖం మనవైపే ఉంచుతుంది. ఈ చివరి విద్యను తర్వాత నేను ఒక మనిషిలో చూశాను. అప్పటికి చదువుకున్నదే.

ఆ జీవులను బొమ్మ కట్టి కదిలించే పని మా యానిమేటర్‌ది. సిద్దిపేట అమ్మాయి. ప్రైవేటు బడిలో డ్రాయింగ్ టీచరుగా చేస్తూ, ఖాళీలో డిగ్రీ పిల్లల ప్రాక్టికల్ రికార్డుల్లో బొమ్మలు గీసిచ్చేది. ఆమె చేతి కప్పలు సిద్దిపేటలో ఎంతమందిని పాస్ చేయించాయో లెక్కలేదు. తర్వాత అమీర్‌పేటలో త్రీడీ కోర్సు చేసి మా దగ్గర చేరింది, టెంపరరీగా. దసరాలోపల పర్మనెంట్ కాకపోతే అన్న వచ్చి పెట్టె సర్దించి తీసుకుపోతానన్నాడట. బడివాళ్లు ఆమె కుర్చీని అప్పటిదాకా ఖాళీగా ఉంచుతామన్నారట.

"ఖాళీగ ఎందుకుంచిన్రో తెల్సా? నేను ఓడిపోయి రావాలెనని" అనేది. "నేను పోను. బొమ్మలు గీసుడు ఆడ గూడ గీస్తరు గానీ, గీసిన బొమ్మ లేసి నడుసుడు ఈడనే."

శాంపిల్ నచ్చితే ఆమె పర్మనెంటు. బాస్ మా అందరి ముందూ చెప్పిన మాట అది.

రోకలిబండతో ఇబ్బంది రాలేదు. వానాకాలం. వెనక బండల సందుల్లోంచి అవి మా గోడలెక్కి, ఉద్యోగానికి వచ్చినట్టే వచ్చేవి, మాకంటే ముందుగా. ఊడ్చే అమ్మ చీపురెత్తగానే యానిమేటర్ అరిచేది:

"అమ్మా, ఆగు ఆగు! అది నా మోడలు!"

"మోడలేంది బిడ్డా, రోకల్‌బండ. చెవుల దూరుతది!"

"దూరనియ్యి. అయిదు నిమిషాలు ఊకో."

గాజు పలక మీద దాన్ని నడిపించి కిందినుంచి చూసేది. ఆ కాళ్లు ఒకేసారి కదలవు, గాలికి వరిచేను ఊగినట్టు వెనకనుంచి ముందుకు అలలా పోతాయి. ఆ అల పట్టుకోవడానికి ఆమె పడిన పాట్లు చూశాక, నాకు మూడేళ్ల డిగ్రీలో కలగని గౌరవం రోకలిబండ మీద కలిగింది. కట్టుకు రెండు జతలే కానీ, తల వెనక మొదటి కట్టుకు కాళ్లే ఉండవు, తర్వాతి మూడింటికి ఒక్కో జతే. నేను చెప్పకముందే ఆమె అలాగే కట్టింది. ఎందుకంటే అక్కడ అలాగే ఉంది.

చిక్కు క్రేఫిష్‌తో వచ్చింది. మన దగ్గర అది దొరకదు. మా ఊళ్లో ఎవరూ చూడలేదు, పుస్తకాల్లో రెండు పేరాలే తప్ప బొమ్మ లేదు. డిగ్రీలో మాకు దాని బదులు రొయ్యే నేర్పారు. ఇంటర్నెట్‌లో వెతికితే ఫోన్ లైను మీద బొమ్మ పైనుంచి కిందికి ఇంచుఇంచుగా దిగేది, మీసాలు కనబడేసరికి లైను తెగేది. మీసాలతో ఎవరి జాతినీ నిర్ణయించలేం, మా బాస్‌కు కూడా మీసాలుండేవి.

పరిష్కారం ఆయనే తెచ్చాడు. అత్తారింటికి వెళ్లి సోమవారం ఉదయం థర్మోకోల్ పెట్టెతో దిగాడు. మూత తీశాడు. ఐసు ముక్కల మధ్య నీలిరంగు కొండీలతో, జానెడుకంటే పొడుగ్గా ఒక జీవి.

"ఇదిగోనండీ మీ క్రేఫిష్! మా మామగారి చెరువులోది."

"సార్, ఇది నీలకంఠ రొయ్య కదా" అన్నాను.

"రొయ్యేనయ్యా! మనం రొయ్యంటాం, వాళ్లు క్రేఫిష్షంటారు. కొండీలున్నాయా? మీసాలున్నాయా? నీళ్లలో ఉంటుందా? ఇంకేం కావాలి నీకు, ఓటరు కార్డా?"

హాల్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, మాట బాగుంది కాబట్టి. రెండూ దగ్గరి చుట్టాలేనని, అంత దగ్గరైతే ఫరవాలేదేమోనని అనుకున్నాను. క్రేఫిష్‌ను కంటితో చూడని జువాలజిస్టు అంతకంటే ఏమనుకుంటాడు? ఇందుకు నేను సిగ్గుపడటం లేదు, సిగ్గుపడాలంటే సిలబస్ రాసినవాళ్లు ముందుగా వరసలో నిలబడాలి.

యానిమేటర్ ఆ రొయ్యను ట్రేలో పెట్టుకుని కీలు కీలుగా గీసింది. ఐసు కరిగింది, వాసన లేచింది, బాస్ గది తలుపు మూసుకున్నాడు. ఆమె లేవలేదు. పని పూర్తయ్యేసరికి తెర మీద ఉన్నదానికీ ట్రేలో ఉన్నదానికీ వాసన ఒక్కటే తేడా.

ఆ వాసన మరిచిపోయే సమయానికి క్లయింటు తరఫున ఒక అమెరికా ఆవిడ వస్తున్నట్టు కబురొచ్చింది. రిటైరైన టీచరమ్మ, సీడీలో ప్రతి తెరనూ చూసి ఒప్పుకోవాల్సింది ఆవిడే. ఆవిడ రాకకు ముందు ఆదివారం నేను ఆబిడ్స్‌లో ఫుట్‌పాత్ పుస్తకాల మధ్య తిరుగుతున్నాను. అట్ట ఊడిన విదేశీ జువాలజీ పుస్తకం ఒకటి కనబడింది. తెరిచిన చోట క్రేఫిష్ నిలువెత్తు బొమ్మ.

రొయ్యకు పెద్ద కొండీలు ఉండేది రెండో జత కాళ్లకు. మొదటి జతకూ కొండీలుంటాయి కానీ సన్నగా, బొమ్మ పట్టకార్లలా ఉంటాయి. క్రేఫిష్‌కు పెద్దవి మొదటి జతకే. ఒంటి తీరూ వేరే. రొయ్య పక్కలనుంచి నొక్కినట్టు సన్నగా, వీపు గూనిగా ఉంటుంది. క్రేఫిష్ పైనుంచి నొక్కినట్టు చదునుగా ఉంటుంది. నేను రాసిన తేడాల్లో 'ముందు జత పెద్ద కొండీలు' అని ఉంది. పైన బొమ్మలో అవి రెండో జతకున్నాయి. అంటే మా తెర తనమీద తనే ఫిర్యాదు రాసుకుంది.

మర్నాడు పొద్దున్నే పుస్తకం తీసుకెళ్లి యానిమేటర్ ముందు పెట్టాను. ఆమె బొమ్మను చూసింది, తెరను చూసింది, నన్ను చూసింది.

"గిది ఇప్పుడు చూపిస్తున్నవా?"

"నిన్ననే దొరికింది."

"మార్చాలంటే కాళ్లన్నీ ఊడదీసి మళ్ల కట్టాలె. మళ్ల కదిలించాలె. ఈ డబ్బాల మీద వారం పడ్తది. ఆమె ఎప్పుడొస్తది?"

"పన్నెండింటికి."

"మస్తు టైమున్నది అయితే" అంది. నవ్వలేదు. నా జోకులు ఆమెకు అంటుకున్నాయని అప్పుడే గమనించాను.

ఇద్దరం బాస్ దగ్గరికి వెళ్లాం. ఆయన పుస్తకాన్ని తిప్పి చూశాడు, వెల ఎంతన్నట్టు అట్ట వెతికాడు, అట్ట లేదు.

"ఇప్పుడేమీ మాట్లాడకండి. వచ్చేది ముసలావిడ, జెట్ లాగ్‌లో ఉంటుంది, కాళ్లు లెక్కపెడుతుందా? పెట్టదండీ."

"పెడితే?" అన్నాను.

"పెడితే..." ఆయన చూపు యానిమేటర్ మీదుగా గోడ గడియారం మీదికి పోయింది. "ఆర్టిస్టు కొత్తమ్మాయి, పొరబాటు చేసింది, తీసేశాం, అని చెబుదాం. వాళ్లకలాగే చెప్పాలి. యాక్షన్ తీసుకున్నామంటే ఇష్టపడతారు. తర్వాత చూద్దాంలే అమ్మాయ్, నువ్వేం కంగారు పడకు."

ఎవరైనా ఎదుటి మనిషిని తీసేస్తామని చెప్పి కంగారు పడొద్దనడం నేను అప్పుడే మొదటిసారి విన్నాను. ఇదే ఇందాక చెప్పిన వెనక్కి దూకే విద్య, ముఖం మాత్రం మనవైపే.

"తర్వాతంటె ఎప్పుడు సార్? దసరా ముందా, తర్వాతనా?" అని అడిగింది ఆమె.

ఆయన ఫోనెత్తాడు. ఫోను మోగలేదు. అయినా ఎత్తాడు.

ఆవిడ పన్నెండుకు ముందే వచ్చేసింది. పొట్టి జుట్టు, కాన్వాస్ బూట్లు, చేతిలో మంచినీళ్ల సీసా. బర్రెల కొట్టం దగ్గర ఆగి దూడను పలకరించి మరీ లోపలికొచ్చింది. హాల్లో అందరం కుర్చీల వెనక నిలబడ్డాం. యానిమేటర్ ఒక్కతే తన సిస్టమ్ ముందు కూర్చుంది, ప్రోగ్రాం నడపాల్సింది ఆమే కాబట్టి.

ముందు రోకలిబండ వచ్చింది. తెర ఒక మూలనుంచి ఇంకో మూలకు నడిచింది, కాళ్ల అల దానివెంట పోయింది. ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకుంది. మళ్లీ వేయమంది. మూడోసారి కూడా చూసి, తను పిల్లలకు చూపించిన పుస్తకాల్లో సగం ఈ కాళ్లు తప్పు వేస్తాయని, ఇది తప్పు కాదని చెప్పింది. బాస్ తనే నడిచినంత గర్వంగా తల వంచాడు.

తర్వాత రెండోది వచ్చింది. నీలి కొండీలు ఊపుకుంటూ వచ్చింది. ఆవిడ కాసేపు చూసి, రొయ్య చాలా బాగుంది, నా క్రేఫిష్ ఏదీ అని అడిగింది.

చిన్నప్పుడు తన ఇంటి వెనక వాగులో బకెట్లకొద్దీ క్రేఫిష్ పట్టేదాన్నని, వేలు కరిపించుకున్న కొండీ ఏ కాలికుందో మరిచిపోలేదని ఆవిడ నవ్వుతూనే చెప్పింది.

బాస్ గొంతు సవరించుకున్నాడు. ఆర్టిస్టు తప్పిదమని, టెంపరరీ అమ్మాయని, ఈరోజే తీసేస్తున్నామని ఇంగ్లీషులో చక్కగా చెప్పాడు. ఆ వాక్యాలు పొద్దుటినుంచీ తయారుగా ఉన్నాయి కదా, ఎక్కడా తడబడలేదు. యానిమేటర్ వెనక్కి తిరగలేదు. మౌసు మీద చెయ్యి మాత్రం ఆగిపోయింది.

అప్పుడు నేను ముందుకొచ్చాను. ధైర్యం అనుకోకండి, ఒళ్లు మండింది, అంతే. "నో మేడమ్" అన్నాను. ఆ అమ్మాయి ముందు ఏది పెట్టారో అదే గీసిందని, రొయ్య పెట్టి క్రేఫిష్ అని చెప్పింది సారేనని, ఆ రొయ్య వాళ్ల మామగారి చెరువులోదని చెప్పబోయాను. కోపంలో నా ఇంగ్లీషుకు రెండు మూడు మాటలు ఊడిపోయాయి. 'ఈ రొయ్య సార్ వాళ్ల మామగారు' అన్నట్టుగా బయటికొచ్చింది.

ఆవిడ బాస్‌ను చూసింది, రొయ్యను చూసింది, పోలికలు వెతుకుతున్నట్టు. తర్వాత గట్టిగా నవ్వింది. నేను ఆగలేదు. తెర మీదున్న ప్రతి కీలూ ట్రేలో ఉందని, కావాలంటే భీమవరం నుంచి ఇంకొకటి తెప్పించి పక్కన పెట్టి చూసుకోమని, తప్పు కళ్లది కాదని, పెట్టెదని చెప్పాను. ఈసారి మాటలు సరిగ్గానే వచ్చాయి.

ఆవిడ ఆలోచించింది. రెండు వారాలు బెంగళూరులో ఉంటానని, తిరిగొచ్చేసరికి అసలు క్రేఫిష్ కనబడితే సీడీ సంగతి మాట్లాడుకుందామని చెప్పింది. వెళ్తూ యానిమేటర్ భుజం తట్టింది. ఎవరిని ఉంచుకోవాలో, ఎవరిని తీసేయాలో మాత్రం చెప్పలేదు. అది ఆవిడ ఇల్లు కాదు.

కారు దుమ్ము అణిగాక బాస్ లోపలికొచ్చాడు. మామగారిని రొయ్యతో కలిపినందుకు ముఖం కందిపోయి ఉంది. నన్ను వదిలేసి నేరుగా ఆమె దగ్గరికే పోయాడు. అరిచే మనిషిని కాకుండా అరవలేని మనిషిని ఎంచుకోవడం బాసులకు అలవాటు.

"సిస్టమ్ ఆపి లే అమ్మాయ్. సామాన్లు తీసుకో. క్లయింటుకి మాటిచ్చాను, తీసేస్తున్నానని."

"ఆమె పోతే నేనూ పోతా" అన్నాను.

"నువ్వు ఎప్పుడో పోయావు. ఇంకా ఇక్కడే నిలబడ్డావేం?"

తలుపు దడేలుమని వేసి బయటికి నడిచాను. గేటు దాకా బాగానే ఉంది. ఛాతీ ముందుకు పెట్టి నడిచాను. గేటు దగ్గర వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ రావడం లేదు. ఇద్దరం కలిసి వెళ్లిపోతామన్న ఏర్పాటు నా మనసులో తప్ప ఎక్కడా లేదని అప్పుడు తట్టింది. దూడ నన్ను చూసి తల ఊపింది. లోపలికి మళ్లీ వెళ్లాను. రాజీనామా చేసినవాడు కాళ్లీడ్చుకుంటూ తిరిగి వెళ్లడానికి ఏ సినిమాలోనూ సంగీతం ఉండదు.

ఆమె అక్కడే కూర్చుని ఉంది. తెర మీద రొయ్య కాళ్లు ఊడదీస్తోంది.

"ఇంక రావా?" అన్నాను మెల్లగా.

"ఏడికి? నువ్వు పో. నాకెందుకు? తప్పు చేసినోళ్లు పోతరు, లేకపోతే కోపమొచ్చినోళ్లు పోతరు. నేను తప్పు చెయ్యలే. కోపం ఇంటికి పోయినంక చేస్కుంట."

బాస్ ఇంకో అడుగు దగ్గరికొచ్చాడు. "లేస్తావా, లేదా?"

"లెవ్వ సార్."

ఆమె గొంతు పెంచలేదు. మౌసు వదల్లేదు.

"రొయ్య మీది. గీత నాది. గీతల తప్పేడున్నదో చూపియ్యున్రి, ఇప్పుడే లేస్త."

ఆయన తెరను చూశాడు. అంతకుముందు ఎప్పుడైనా చూశాడో లేదో. ఊడదీసిన కొండీ ఒక్కటే గాల్లో నెమ్మదిగా తిరుగుతోంది, లోపలి కీలుతో సహా. చుట్టూ మిగతావాళ్లు ఎవరి పని వాళ్లు చేస్తున్నట్టు కీబోర్డులు కొడుతున్నారు. అంత శ్రద్ధగా మా ఆఫీసు ఎన్నడూ పనిచేయలేదు. ఒక్కరు కూడా సాయానికి రాలేదు. కానీ ఆమె కుర్చీలో కూర్చుంటానని కూడా ఎవరూ ముందుకు రాలేదు, ఆయన చూపు ఒక్కొక్కరి మీదా ఆగుతూ వెళ్లినా.

"రెండు వారాల్లో ఇది ఎవరు మారుస్తారు?" అన్నాడు చివరికి, తనలో తాను.

"నేనే మారుస్త. నా పర్మనెంట్ కాయిదం మీద సంతకం పెట్టినంక."

"బెదిరిస్తున్నావా?"

"అడుగుతున్న సార్. మీరు అందరి ముంగట చెప్పిందే. మా అన్నకు చూపియ్యాలె." నా వైపు చూడకుండానే అంది: "ఈయనను గూడ ఉంచున్రి. తేడాలు రాసేటోడు లేకపోతె ఎట్ల?"

పిల్లలూ, మీరు రేపు ఇలాంటి ఆఫీసుల్లో చేరతారు. మీ ముందు ఎవరో ఒకరు పెట్టె పెట్టి ఇది ఫలానా అంటారు, తర్వాత కాదని తేలితే మిమ్మల్నే లేవమంటారు. లేచి నిలబడి ఉపన్యాసం ఇచ్చి తలుపు విసిరికొట్టడమే ఎదిరించడం అని నేను అనుకునేవాణ్ని. అందులో బోలెడు సుఖం ఉంది, కాదనను. అవకాశం వస్తే ఆ తలుపు మళ్లీ కొడతాను. కానీ ఆ రోజు బాస్‌కు నాతో రవ్వంత ఇబ్బంది కూడా కలగలేదు. నేను బయటికి పోవడం ఆయనకు కావలసిందే. ఆయనకు మింగుడు పడనిది ఆమె పోకపోవడం.

ఆయన గదిలోకి పోయాడు. చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు చేతిలో టైపు చేసిన ఆమె పర్మనెంట్ కాగితం ఉంది. హాల్లో ఖాళీ బల్ల లేదు, ఆమె మానిటర్ మీద పెట్టి రాయాల్సి వచ్చింది.

ఆయన నిలబడే సంతకం పెట్టాడు. ఆమె కూర్చునే అందుకుంది.